కొత్తపట్నం నుంచి కృష్ణపట్నం దాకా పాయింట్ బ్రేక్ ఉందా? సముద్రం ఎప్పుడు అనుకూలిస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: అడిగినవారిది ఒంగోలు. వేసవిలో చెన్నై దగ్గరి కోవళం వెళ్లి సర్ఫింగ్ నేర్చుకున్నారు. అక్కడ ఉన్నట్టు పాయింట్ బ్రేక్, అంటే సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల కొస వెంట అల వరుసగా విరిగే చోటు, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడైనా ఉందా, దసరా సెలవుల్లో మైపాడులోనో కొత్తపట్నంలోనో దిగవచ్చా, అలల సూచన చెప్పే యాప్‌లో 1.4 మీటర్లు అని కనబడుతోంది కాబట్టి అల బాగున్నట్టేనా, ఏ బోర్డు కొనుక్కోవాలి అని అడిగారు. యాప్ తెరను ఫొటో తీసి పెట్టారు కూడా.

ముందు సూటిగా జవాబు. నిజమైన పాయింట్ బ్రేక్ మన తీరంలో ఒక్కటీ లేదు. దసరా అక్టోబర్ మూడో వారంలో పడితే ఆ సెలవులు సర్ఫింగ్‌కు పనికిరావు. ఇక ఆ 1.4 మీటర్ల సంగతి: మీరు పెట్టిన ఫొటోలోనే దాని పక్కన 6 సెకన్లు అని ఉంది, గాలి బాణం ఈశాన్యం నుంచి వస్తోంది. ఈ రెండూ చూశాక ఎత్తు ఎంత ఉన్నా నాకు అక్కర లేదు. మన తీరంలో సముద్రం బాగుందా లేదా అన్నది తేల్చేది అల ఎత్తు కాదు, పడమటి గాలి. ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

పాయింట్ బ్రేక్ ఎందుకు లేదో చెబుతాను. నేల ఒక మూపురంలా సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట, అల ముందుగా ఆ కొసను తాకుతుంది. అక్కడ లోతు తక్కువ కాబట్టి ఆ వైపు నెమ్మదిస్తుంది, లోతున్న వైపు అదే వేగంతో వస్తుంది. ఎడ్లబండి ఒక చక్రం ఇసుకలో దిగబడితే బండి మొత్తం అటు తిరుగుతుంది కదా, అల కూడా అలాగే కొస చుట్టూ మళ్లి, ఒక పక్క నుంచి వరుసగా విరుగుతూ పోతుంది. ఎక్కడ విరగడం మొదలవుతుందో ముందే తెలుస్తుంది. పక్కనున్న లోతు నీళ్లలోంచి తల తడవకుండా వెనక్కి ఈదవచ్చు. కోవళంలో మీరు చూసింది ఇదే. మహాబలిపురం పాయింట్ కూడా ఇదే తరహా.

మనకు ఆ కొస లేదు. విశాఖలో తూర్పు కనుమలు సముద్రందాకా వచ్చేశాయి, డాల్ఫిన్స్ నోస్ వంటి కొండకొమ్ము నీళ్లలోకి దిగింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొండలు పడమటనే ఆగిపోయాయి. తీరమంతా పెన్న, గుండ్లకమ్మ వంటి నదులు తెచ్చి పోసిన ఇసుక, దాదాపు తిన్నగా ఉత్తర దక్షిణాలుగా గీసినట్టు ఉంటుంది. ఇలాంటి చోట అల నీటి అడుగున ఉన్న ఇసుక మెరకల మీద విరుగుతుంది. ఆ మెరకలు నెలనెలా జరుగుతుంటాయి. నిరుడు మైపాడులో బాగా విరిగిన చోటు ఈ ఏడు ఉండకపోవచ్చు. అందుకే ఎవరైనా ఫలానా చోట పాయింట్ ఉందని మ్యాప్‌లో గుర్తు పెట్టి పంపితే నమ్మకండి.

పాయింట్‌ను కొంచెం పోలినవి రెండు రకాలున్నాయి. ఒకటి, ఏటి మొగలు. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే చోట నది తెచ్చిన ఇసుక తిన్నెగా ముందుకు పొడుచుకొస్తుంది. వరదల తర్వాత జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ తిన్నె ఆకారం కుదిరితే అల దాని అంచు వెంట చక్కగా విరుగుతుంది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కొత్తవాళ్లకు మాత్రం నేను చెప్పను. ఆటు సమయంలో నదినీరు, సముద్రపు నీరు కలిసి బయటికి లాగుతాయి. పోటు పోసేటప్పుడు ఒకలా, ఆటు తీసేటప్పుడు మరోలా ఉంటుంది. ఇక సోమశిల గేట్లు ఎత్తిన రోజుల్లో అటువైపే వెళ్లకండి. 2021 నవంబర్‌లో పెన్నకు వచ్చిన వరద గుర్తుంది కదా, అలాంటప్పుడు దుంగలు, చచ్చిన పశువులు, పాములు అన్నీ మొగలోకే వస్తాయి.

రెండోది, రేవుల రాతికట్టలు. కృష్ణపట్నం, జువ్వలదిన్నె, రామాయపట్నం దగ్గర సముద్రంలోకి కట్టిన అడ్డుగోడల పక్కన ఇసుక చేరుతుంది, అల కొంత వరుసగా విరుగుతుంది. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది కాబట్టి కట్టకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. చెన్నై రేవు కట్టాక దక్షిణాన మెరీనా వెడల్పయి, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది ఇందుకే. కానీ రేవులు ఓడలకూ పడవలకూ. రాళ్ల పక్కన ఈదడం, అదీ నిషిద్ధ ప్రాంతంలో, వద్దే వద్దు. ఇంతకంటే దాని గురించి చెప్పను.

ఇక యాప్ చదవడం. మూడు అంకెలుంటాయి: ఎత్తు, వ్యవధి, దిక్కు. ఎత్తు అంటే అన్ని అలల సగటు కాదు, ఎత్తయిన మూడో వంతు అలల సగటు. కాబట్టి 1 మీటరు అని ఉంటే అప్పుడప్పుడు దాదాపు రెండు మీటర్లది కూడా వస్తుంది. అది వచ్చినప్పుడు యాప్ తప్పు చెప్పిందని తిట్టుకోకూడదు.

వ్యవధి అంటే ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య సెకన్లు. అసలు సంగతి ఇక్కడ ఉంది. 6 సెకన్ల అల మన బంగాళాఖాతంలోనే, దగ్గరలో వీస్తున్న గాలి పుట్టించినది. లోతు నీళ్లలో దాని పొడవు 56 మీటర్లు. 13 సెకన్ల అల పొడవు 260 మీటర్లు దాటుతుంది. దాన్ని పుట్టించిన తుపాను మన దగ్గర లేదు, భూమధ్యరేఖకు చాలా దిగువన, 40, 50 డిగ్రీల దక్షిణ అక్షాంశాల్లో ఉంటుంది. అలాంటి దూరపు అలల గుంపును సర్ఫింగ్ వాళ్లు స్వెల్ అంటారు. ఆ గుంపు గంటకు సుమారు 36 కిలోమీటర్ల చొప్పున నడుస్తూ ఆరు వేల పైచిలుకు కిలోమీటర్లు దాటి ఏడెనిమిది రోజులకు మన ఒడ్డు చేరుతుంది. దారిలో చిన్నాచితకా అలలన్నీ వెనకబడిపోయి, వరుస కట్టుకుని వస్తాయి. ఒడ్డు దగ్గరయ్యే కొద్దీ పొట్టి అలకన్నా పొడవాటి అల ఎక్కువగా లేస్తుంది. యాప్‌లో 0.8 మీటర్లు, 13 సెకన్లు అని కనబడే అల విరిగేటప్పటికి, మీరు చూసిన 1.4 మీటర్లు, 6 సెకన్ల అలకు పెద్దగా తీసిపోదు. పైగా ఒకదానికీ మరొకదానికీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తుంది. 6 సెకన్ల సముద్రంలో బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి పోవడమే పెద్ద పని; ఒకదాన్ని దాటేలోపు ఇంకోటి ముఖాన పడుతుంది.

దిక్కు దగ్గర శ్రీలంక అడ్డం వస్తుంది. నేరుగా దక్షిణం నుంచీ నైరుతి నుంచీ వచ్చే స్వెల్‌ను ఆ ద్వీపం ఆపేస్తుంది, మన తీరం దాని నీడలో ఉంటుంది. శ్రీలంక తూర్పు తీరంలోని అరుగంబే వంటి సర్ఫింగ్ చోట్లకు అంత పేరు రావడానికి కారణమైన అలల్లో చాలా భాగం మనదాకా రాకపోవడానికి ఇదే కారణం. శ్రీలంక తూర్పు అంచు దాటుకుని రావాలంటే అల వచ్చే దిక్కు 170 డిగ్రీలకు తూర్పుగా ఉండాలి (తూర్పు 90, దక్షిణం 180, అంటే అంకె 170 కన్నా తక్కువ). 150, 160 అని చూపిస్తే నేను లేచి కూర్చుంటాను. 190 అని చూపిస్తే అది చుట్టు తిరిగి వచ్చిన శేషమే, ఎత్తు అంకె ఎంత ఊరించినా సరే.

ఇప్పుడు గాలి. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకు కొడితే అల ముఖం చెదిరి, నురగలై, ఒక్కసారిగా కూలుతుంది. నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తే అల ముఖం నునుపుగా నిలబడుతుంది, విరగడానికి కొంచెం ఆలస్యం చేస్తుంది. మన తీరం తూర్పు ముఖం కాబట్టి మనకు కావలసింది పడమటి గాలి. అది ఎప్పుడు వీస్తుందో నెల్లూరు, ఒంగోలు జనానికి ఎవరూ చెప్పనక్కర లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండల్లో ముఖం మాడ్చేసే వడగాలి అదే. మే చివర, జూన్ మొదట్లో ఆ పడమటి గాలి బలంగా ఉండి సముద్రపు గాలిని మధ్యాహ్నందాకా ఒడ్డు ఎక్కనివ్వదు. ఊళ్లో జనం ఉక్కిరిబిక్కిరయ్యే రోజు ఉదయాన్నే మైపాడు వెళ్లి చూడండి, నీళ్ల మీద ముడత ఉండదు. నెల్లూరులో 44 డిగ్రీలు అని వార్తల్లో చదివినప్పుడు అయ్యో అనుకోకుండా అలారం పెట్టుకునేది మనలాంటివాళ్లమే.

దీన్ని బట్టి ఏడాది ఇలా సాగుతుంది. మార్చి నుంచి మే మొదటి సగందాకా దక్షిణపు గాలి, తెల్లవారుజామున ప్రశాంతం, పది పదకొండు దాటాక సముద్రపు గాలి ఎక్కి అంతా చెడిపోతుంది. మే చివరి నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి కాలం. మనకు వానలు పెద్దగా ఉండవు, పొద్దున పడమటి గాలి, దక్షిణార్ధగోళంలో అది చలికాలం కాబట్టి అక్కడి తుపానుల నుంచి స్వెల్ రాక. అలలు పెద్దవి కావు, నడుము, ఛాతీ ఎత్తు చాలా మంచి రోజు. కానీ శుభ్రంగా ఉంటాయి. 2025లో ఆసియా సర్ఫింగ్ చాంపియన్‌షిప్స్ మహాబలిపురంలో ఆగస్టులో పెట్టడంలో వింత లేదు. అందులోనే మన దేశానికి చెందిన రమేశ్ బుధిహాల్ కంచు పతకం గెలిచాడు. అదే తీరం, అదే గాలి. మనకూ వాళ్లకూ తేడా ఆ రాళ్ల కొస, మరికాస్త తక్కువ స్వెల్, అంతే.

ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబర్ 20 ప్రాంతంలో మొదలవుతాయి. అక్కడి నుంచి డిసెంబర్ దాకా గాలి ఈశాన్యం, అంటే సముద్రం నుంచి ఒడ్డుకు. నీళ్లు మురికి, అలలు పొట్టి, ఒడ్డు వెంట ప్రవాహం దక్షిణానికి లాగేస్తుంది. దిగిన చోటికీ తేలిన చోటికీ చాలా దూరం ఉంటుంది. నెల్లూరు ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే. దసరా సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదటి రోజుల్లోనో పడితే ఇంకా అవకాశం ఉంటుంది, కాబట్టి పంచాంగం చూసి నిర్ణయించుకోండి. జనవరి, ఫిబ్రవరి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గాలి తగ్గుతుంది, అల కూడా తగ్గుతుంది.

తుపాను వస్తే పెద్ద అల దొరుకుతుందా అని మీరు అడగలేదు, కానీ వచ్చే నెలలో ఎవరో ఒకరు అడుగుతారు. మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తుపాను మనకు ఉత్తరాన, కృష్ణా గోదావరి ప్రాంతం వైపు తీరం దాటితే మనం దాని ఎడమ పక్కన ఉంటాం, గాలి నేల వైపు నుంచి వీస్తుంది. దక్షిణాన, తమిళనాడు వైపు దాటితే మనం కుడి పక్కన పడతాం, సముద్రం ఒడ్డు మీదికి ఎగబడుతుంది. కాగితం మీద మొదటి రకం సర్ఫింగ్‌కు బాగున్నట్టు కనిపిస్తుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది, అంటే మనకు ఉత్తరానే. అయినా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానలు దంచికొట్టాయి, ఏర్లు పొంగాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ అయితే కుడీ ఎడమా అనే లెక్కకే లొంగలేదు. మన తీరానికి సమాంతరంగా మెల్లగా పాకుతూ వెళ్లి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. వాతావరణ శాఖ మత్స్యకారులను వేటకు వెళ్లవద్దన్నప్పుడు ఆ మాట మనకూ వర్తిస్తుంది. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక సంఖ్య ఎక్కిందని విన్న రోజు బోర్డు ఇంట్లోనే ఉండాలి.

తుపాను లేకుండా వచ్చే ప్రమాదం ఇంకొకటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గాలి ఉండదు, దూరపు స్వెల్ మాత్రం అమాంతం ఒడ్డు మీదికి వచ్చేస్తుంది. కేరళలో దీన్ని కళ్లక్కడల్ అంటారు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులను పొట్టన పెట్టుకుంది ఇలాంటి అలే. హెచ్చరిక ముందే వచ్చింది. ఆ హెచ్చరికలు ఇచ్చే సంస్థ ఇన్‌కాయిస్. సముద్రం లేని హైదరాబాద్‌లో కూర్చుని దేశంలోని తీరమంతటికీ అలల సూచన ఇస్తుంది, తెలుగులో కూడా. సర్ఫింగ్ యాప్ ఏదైనా వాడండి, దిగే ముందురోజు మాత్రం ఇన్‌కాయిస్ సూచనను చూడండి. రెండూ పొంతన లేకుండా ఉంటే నేను ఇన్‌కాయిస్ పక్షం.

యాప్ చెప్పినా ఒడ్డున చూసుకోవలసింది ఉంటుంది. తెల్లవారేసరికి చేరుకోండి. ముందు సరుగుడు తోట చూడండి. చెట్ల కొసలు సముద్రం వైపు వంగుతుంటే గాలి మనది. తర్వాత ఇసుక దిబ్బ ఎక్కి నీళ్లలో ఒక గుర్తు పట్టుకోండి, వల బెండు ఏదైనా కనబడితే ఇంకా మేలు. అది పైకి లేచిన క్షణంలో ఫోనులో గడియారం నొక్కి, అక్కడి నుంచి పది సార్లు లేచేదాకా లెక్కపెట్టండి. వచ్చిన సెకన్లను పదితో భాగిస్తే ఆ రోజు వ్యవధి తేలుతుంది. 110 సెకన్లు వస్తే పదకొండు, బాగుంది. 60 వస్తే టీ తాగి ఇంటికి రండి. ఒకసారి లెక్కపెట్టి సరిపెట్టుకోకండి, దూరపు అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ లేనట్టుంటుంది. కనీసం ఇరవై నిమిషాలు చూడాలి.

అదే దిబ్బ మీద నుంచి, మనిషిని సముద్రంలోకి ఈడ్చే లాగుడు ప్రవాహం ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం నీరు నల్లగా, ప్రశాంతంగా, విరగకుండా ఉంటే అదే. తెలియనివాళ్లు అది మంచి చోటనుకుని అక్కడే స్నానానికి దిగుతారు. మీరు పడితే ఒడ్డు వైపు ఎదురీదకండి. బోర్డు వదలకుండా తీరానికి సమాంతరంగా పక్కకు జరగండి, అల విరిగే చోటికి చేరాక అదే ఒడ్డుకు తోస్తుంది.

ఆటుపోట్ల గురించి పెద్ద చింత అక్కర లేదు, మన దగ్గర అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా తేడా ఒక మీటరు అటూ ఇటూ మాత్రమే. కానీ ఒడ్డు బాగా ఏటవాలుగా ఉన్న చోట నిండు పోటులో అల నేరుగా ఇసుక మీద పడుతుంది, మెడకు మంచిది కాదు.

బీచ్‌లో మనకన్నా ముందు మత్స్యకారులున్నారని గుర్తుంచుకోండి. అలివి వల వేసి ఉంటే రెండు తాళ్లు ఒడ్డు నుంచి సముద్రంలోకి పోతుంటాయి, మధ్యలో వల అర్ధచంద్రాకారంలో ఉంటుంది. ఆ లోపల దిగితే బోర్డును మీ కాలికి కట్టే తాడు వలలో చిక్కుకుంటుంది, వాళ్ల వేట పాడవుతుంది. తాడు లాగుతున్న పెద్దవాళ్లను అడగండి, ఎంతసేపు పడుతుందో, ఆ రోజు నీళ్లు ఎటు లాగుతున్నాయో రెండూ చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం కాబట్టి మన మంచి కాలం మొదట్లో సముద్రం కొంత ఖాళీగా ఉంటుంది, కానీ అవసరపడితే వచ్చి లాగడానికి బయట పడవ కూడా ఉండదు. ఒంటరిగా దిగవద్దనడానికి ఇంతకన్నా కారణం వేరే అక్కర లేదు. లోతు తక్కువ నీళ్లలో అడుగులు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి, టేకు చేప ఇసుకలో కప్పుకుని పడుకుంటుంది, తొక్కితే తోకముల్లు దింపుతుంది.

చివరి ప్రశ్న, బోర్డు. కోవళంలో మీకు నేర్పినవారు పొట్టి బోర్డు చూపించి ఆశపెట్టి ఉంటారు. మన అలలకు బలం తక్కువ, విరిగితే ఒక్కసారిగా విరుగుతాయి. ఎనిమిది, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోము బోర్డు తీసుకోండి, దిగువ రెక్కలు కూడా మెత్తటివి. చిన్న అలను ముందే పట్టుకుంటుంది, నెత్తిన పడినా పుర్రె పగలదు. కాలి తాడు బోర్డు పొడవుకు తగ్గకుండా చూసుకోండి. కొత్తది కొనే ముందు కోవళంలో పాతవి అమ్మేవాళ్లను అడిగి చూడండి, నేర్పేచోట్ల ఏటా కొన్ని మారుస్తుంటారు. జూన్‌లో మొదలుపెట్టేలా చూసుకుంటే ఈలోపు డబ్బు కూడబెట్టుకోవడానికీ, ఈత మెరుగుపరచుకోవడానికీ కావలసినంత సమయం ఉంది.